మానవ భాష పరిణామాన్ని కంప్యూటర్ నమూనాలతో అధ్యయనం చేసే విధానం

"భాష పరిణామం" అనే మాట కింద మూడు వేర్వేరు ప్రక్రియలు ఉన్నాయి. ఒక బిడ్డ నాలుగైదేళ్లలో చుట్టూ ఉన్నవారి మాటను పట్టుకోవడం మొదటిది. ఆ మాట ఒక తరం నుంచి మరో తరానికి అందుతూ వందల, వేల ఏళ్లలో రూపు మార్చుకోవడం రెండోది. మాటను నేర్వగలిగే మెదడు, పలకగలిగే గొంతు లక్షల ఏళ్ల జీవపరిణామంలో ఏర్పడటం మూడోది. ఈ మూడూ ఒకదానిలో ఒకటి ఇమిడి సాగుతాయి కనుక ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టే పొరపాటు సులువుగా జరుగుతుంది. నమూనా కట్టదలచినవారు వీటిలో దేన్ని మారనిస్తున్నారో, దేన్ని మారకుండా పట్టి ఉంచుతున్నారో ముందుగా ఒకే వాక్యంలో రాసుకోవాలి. ఈ వ్యాసం ప్రధానంగా రెండో ప్రక్రియ గురించి. కొత్తగా మొదలుపెట్టేవారికి అది అందుబాటులో ఉంటుంది, మనుషులతో చేసిన ప్రయోగాలతో ఫలితాలను పోల్చి చూసుకునే వీలు కూడా అక్కడే ఎక్కువ.

భాషా కుటుంబాల వంశవృక్షాలను గణాంక పద్ధతులతో నిర్మించే పరిశోధన దీనికి పొరుగుదే అయినా వేరే పని. రసెల్ గ్రే, క్వెంటిన్ అట్కిన్‌సన్ 2003లో ఇండో-యూరోపియన్ భాషల మూలం 7,800 నుంచి 9,800 ఏళ్ల కిందటిదని లెక్కగట్టిన అధ్యయనం ఆ కోవకు చెందింది. అప్పటికే పూర్తిగా రూపొందిన భాషలు ఎప్పుడు విడిపోయాయన్నది అక్కడి ప్రశ్న. భాషకు ఈ నిర్మాణం అసలు ఎందుకు వచ్చిందన్నది మన ప్రశ్న.

నమూనా నుంచి ఏం ఆశించాలి

పారిస్‌లోని భాషాశాస్త్ర సంఘం 1866లో, భాష పుట్టుకను చర్చించే పత్రాలను స్వీకరించబోమని తన నియమావళిలోనే రాసుకుంది. మాటకు శిలాజాలు మిగలవు కాబట్టి ఒకరి ఊహను మరొకరి ఊహతో ఖండించడం తప్ప అప్పట్లో వేరే దారి లేదు. కంప్యూటర్ నమూనా కూడా గతంలో ఏం జరిగిందో చూపించలేదు. ఫలానా కారణాలు ఉంటే ఫలానా ఫలితం వస్తుందా, వాటిలో ఒకటి తీసేస్తే కూడా వస్తుందా అన్నది మాత్రం చెప్పగలదు. "పిల్లలు వినేది కొద్దిపాటి మాటలే కనుక భాష క్రమబద్ధం కావలసి వచ్చింది" అనే వాదన చెవికి ఇంపుగా ఉంటుంది. దాన్ని కోడ్‌గా రాయబోతే కొద్దిపాటి అంటే ఎన్ని, వినని వాటికి ఆ బిడ్డ ఏం చేస్తుంది, క్రమబద్ధతను ఏ కొలతతో గుర్తిస్తాం అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పక తప్పదు. నా దృష్టిలో నమూనా చేసే పెద్ద మేలు ఇదే. ఫలితం రాకముందే అది మన వాదనలోని ఖాళీలను బయటపెడుతుంది.

ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో జేమ్స్ హర్ఫర్డ్ ఒకరు. సంకేతాలను నేర్చుకునే మూడు పద్ధతులను పోటీకి పెట్టి, ఏ పద్ధతి గల జనాభా మెరుగ్గా సంభాషించుకుని నిలుస్తుందో ఆయన 1989లో కంప్యూటర్‌పై చూశారు. ఆ తరువాత ల్యూక్ స్టీల్స్, సైమన్ కర్బీ వంటివారు ఈ పనిని ఒక పరిశోధన రంగంగా నిలబెట్టారు.

ప్రశ్నను కుదించడం

"భాష ఎలా పుట్టింది" అనే ప్రశ్నకు నమూనా కట్టలేము. భాషకున్న ఒక్క గుణాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ నేను తీసుకునేది, భాగాల అర్థాల నుంచి మొత్తం అర్థాన్ని కూర్చే గుణం. ఎర్ర బంతి, ఎర్ర పెట్టె, నల్ల బంతి, నల్ల పెట్టె అనే నాలుగు మాటల్లో రంగుకు ఒక ముక్క, వస్తువుకు ఒక ముక్క ఉన్నాయి. ఎర్ర బంతి, నల్ల పెట్టె అనే మాటలు విన్నవారు నల్ల బంతిని ఎన్నడూ వినకపోయినా దాన్ని ఏమనాలో చెప్పగలరు. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు పేర్లు ఉండి ఉంటే అది సాధ్యపడదు. మానవ భాషలన్నింటిలో ఈ గుణం ఎందుకు ఉంది? పుట్టుకతో వచ్చిన బలమైన నియమం వల్లనా, లేక మాట చేతులు మారడం వల్లనేనా?

ఈ ప్రశ్నకు సరిపోయే అతి చిన్న ప్రపంచాన్ని కడదాం. రెండు లక్షణాలు, ఒక్కోదానికి రెండు విలువలు తీసుకుంటే నాలుగు అర్థాలు. క, మ అనే రెండు అక్షరాలతో రెండేసి అక్షరాల సంకేతాలు రాస్తే కక, కమ, మక, మమ అనే నాలుగు సంకేతాలు. ప్రతి అర్థానికి ఏదో ఒక సంకేతాన్ని కేటాయించడమే ఒక భాష అనుకుంటే, సాధ్యమైన భాషలు నాలుగు నాలుగుల లబ్ధం, అంటే 256. వీటిలో 4 భాషలు అన్ని అర్థాలకూ ఒకే సంకేతం వాడతాయి. వాటిని కుప్పకూలిన భాషలు అందాం. ప్రతి అర్థానికీ వేరు సంకేతం ఉన్నవి 24. ఆ 24లో 8 మాత్రమే భాగాలుగా విడదీయదగినవి, మిగిలిన 16 పొంతన లేని పేర్ల జాబితాలు. తక్కిన 228 భాషలు ఈ కోవల మధ్య ఎక్కడో ఉంటాయి. ఈ అంకెలను ముందుగా కాగితం మీద లెక్కించి, తరువాత కోడ్‌తో 256 భాషలనూ వర్గీకరింపజేసి సరిచూసుకోవాలి. అంకెలు కలవకపోతే అక్కడే ఆగాలి.

పనిముట్ల విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, దానిలో సంఖ్యల లెక్కలకు వాడే నంపై ఉంటే ఈ నమూనాకు చాలు. జనాభా పెద్దదై, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కళ్లారా చూడాలనిపిస్తే 1999లో యూరీ విలెన్‌స్కీ రూపొందించిన నెట్‌లోగో గానీ, పైథాన్‌లోనే పనిచేసే మెసా గానీ వాడుకోవచ్చు. మొదటి నమూనాను మాత్రం ఏ సిద్ధసామగ్రీ లేకుండా స్వయంగా రాయడమే మంచిది. ప్రతి వరుసలో ఏ నిర్ణయం తీసుకున్నామో అప్పుడే తెలుస్తుంది.

నేర్చుకునే ఏజెంట్

నమూనాలో మాట్లాడే, వినే కృత్రిమ వ్యక్తిని ఏజెంట్ అంటారు. ఆ ఏజెంట్‌ను బేయీసియన్ అభ్యాసకుడిగా రాద్దాం. ఏమీ వినకముందే దానికి 256 భాషలపైనా ఒక ముందస్తు మొగ్గు ఉంటుంది. విన్న మాటలను బట్టి ఆ మొగ్గును సవరించుకుని ఒక భాషను ఎంచుకుంటుంది. ముందస్తు మొగ్గును సరళత ఆధారంగా ఇవ్వడం ఆనవాయితీ: ఒక భాషను వర్ణించే వ్యాకరణం ఎంత చిన్నదైతే దాని సంభావ్యత అంత ఎక్కువ. కుప్పకూలిన భాషకు ఒకే నియమం చాలు. భాగాలుగా కూర్చే భాషకు ఒక్కో విలువకు ఒక ముక్క, వాటిని జోడించే ఒక నియమం కావాలి. పొంతన లేని జాబితాకు ఒక్కో అర్థానికి ఒక నియమం కావాలి. ఇంత చిన్న ప్రపంచంలో చివరి రెండింటి మధ్య తేడా పెద్దగా కనిపించదు. రెండు లక్షణాలకూ పదేసి విలువలుంటే మాత్రం జాబితాకు 100 నియమాలు, కూర్చే భాషకు 20 ముక్కలు, ఒక్క జోడింపు నియమం సరిపోతాయి. వ్యాకరణం పొడవును ఏ పద్ధతిలో కొలిచారన్నది మీ నిర్ణయం కనుక దాన్ని వెంటనే రాసిపెట్టుకోండి.

మాట్లాడే ఏజెంట్ ఒక అర్థాన్ని యాదృచ్ఛికంగా తీసుకుని తన భాషలోని సంకేతాన్ని పలుకుతుంది, నూటికి అయిదు సార్లు పొరపాటున వేరొకటి పలుకుతుంది. వినే ఏజెంట్ ఇటువంటి 20 పలుకులు విని, ప్రతి భాష నుంచి ఆ 20 పలుకులు రావడానికి ఉన్న సంభావ్యతను ముందస్తు మొగ్గుతో గుణిస్తుంది. ఈ లబ్ధాలు అతి చిన్న సంఖ్యలవుతాయి కాబట్టి గుణించడానికి బదులు లాగరిథమ్‌లను కూడాలి. లేకపోతే పలుకుల సంఖ్య బాగా పెరిగినప్పుడు కంప్యూటర్ వాటిని సున్నాగా చుట్టేస్తుంది, తప్పు జరిగినట్లు కూడా తెలియదు. భాషను ఎంచుకున్న ఏజెంట్ తరువాతి తరానికి మాట్లాడే ఏజెంట్ అవుతుంది, పాతది తప్పుకుంటుంది. ఇలా కొన్ని వందల తరాలు నడపాలి. ఆ మొత్తం గొలుసును వేర్వేరు యాదృచ్ఛిక సీడ్‌లతో, అంటే యాదృచ్ఛిక సంఖ్యలకు ఇచ్చే ఆరంభ విలువలతో, కనీసం వంద సార్లు మళ్లీ నడపాలి. ఒక్క గొలుసు ఫలితాన్ని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఎంపిక ఎలా జరుగుతుందన్న ఒక్క చిన్న వరుస ఈ నమూనా మొత్తాన్ని శాసిస్తుంది. థామస్ గ్రిఫిత్స్, మైఖేల్ కలీష్ 2007లో ఒక ముఖ్యమైన సంగతి నిరూపించారు. ఏజెంట్లు సవరించిన సంభావ్యతల నిష్పత్తిలో యాదృచ్ఛికంగా భాషను ఎంచుకుంటే, కాలక్రమంలో భాషల పంపిణీ అచ్చంగా ముందస్తు మొగ్గుతో సమానమవుతుంది. ఎన్ని పలుకులు విన్నారన్నది ఆ ప్రయాణపు వేగాన్ని మారుస్తుందే తప్ప గమ్యాన్ని మార్చదు. దీని నుంచి మనకు ఒక గట్టి పరీక్ష దొరుకుతుంది. పొరపాటు శాతాన్ని 20కి పెంచి, పలుకులను మూడు నాలుగుకు తగ్గించి, గొలుసును చాలా పొడవుగా నడపండి. ఒక్కో భాష ఎన్నిసార్లు కనిపించిందో లెక్కించి ముందస్తు మొగ్గు పక్కన పెట్టి చూడండి. రెండూ కలవకపోతే కోడ్‌లో తప్పు ఉన్నట్లే. పొరపాటు శాతాన్ని పెంచమనడానికి కారణం ఉంది: శాతం తక్కువగా ఉంటే గొలుసు ఒకే భాష దగ్గర చాలా కాలం నిలిచిపోయి, తేడా నిజమైనదో కాదో తేలదు.

అదే ఏజెంట్లు అన్నింటికంటే ఎక్కువ సంభావ్యత గల భాషనే ఎంచుకుంటే కథ మారిపోతుంది. అప్పుడు స్వల్పమైన మొగ్గు కూడా తరాల మీదుగా పేరుకుని బలమైన ధోరణిగా కనిపించగలదని కర్బీ, డోమన్, గ్రిఫిత్స్ అదే 2007లో చూపారు. ప్రపంచ భాషలన్నింటిలో ఒక గుణం బలంగా కనిపిస్తోంది కనుక మెదడులో దానికి బలమైన పుట్టుక నియమం ఉండి తీరాలన్న వాదన ఇక్కడ సడలిపోతుంది. ఈ రంగంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన ఫలితం ఇదే. కాబట్టి రెండు రకాల ఎంపికతోనూ నమూనాను నడిపి, రెండు ఫలితాలనూ పక్కపక్కనే చూపడం ఈ పని చేసేవారి కనీస బాధ్యత.

రెండు ఒత్తిళ్లు, మూడు పరిస్థితులు

ఇప్పటివరకు ఏజెంట్లు నేర్చుకున్నాయే గానీ వాటికి అవతలివారికి అర్థం కావాలన్న అవసరం లేదు. అటువంటి గొలుసు, సరళత వైపు మొగ్గు ఉన్నందున, కుప్పకూలిన భాషల వైపు జారుతుంది. అన్నింటికీ ఒకే మాటైతే నేర్చుకోవడం సులువు, చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు. దీనికి ఎదురుగా రెండో ఒత్తిడిని పెట్టాలి. ఒక సంకేతం ఎన్ని ఎక్కువ అర్థాలకు వర్తిస్తే మాట్లాడే ఏజెంట్ దాన్ని పలికే సంభావ్యత అంత తగ్గేటట్లు ఒక పరామితిని, అంటే మనం మార్చి చూడగల ఒక విలువను, చేర్చండి. దాన్ని సున్నా చేస్తే పాత నమూనా తిరిగి రావాలి. ఏ కొత్త పరామితిని చేర్చినా ఇలా వెనక్కి వెళ్లే దారి ఉంచుకోవడం మంచి అలవాటు.

తరువాత మూడు పరిస్థితులను పోల్చండి. మొదటిదానిలో తరాలు మారతాయి, సంభాషణ అవసరం ఉండదు. రెండోదానిలో సంభాషణ ఉంటుంది, అయితే అదే జంట ఎప్పటికీ మాట్లాడుకుంటూ ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవారు రారు. మూడోదానిలో రెండూ ఉంటాయి. కర్బీ, తమారిజ్, కార్నిష్, స్మిత్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి పరిస్థితి కుప్పకూలిన భాషలకు, రెండోది పొంతన లేని జాబితాలకు, మూడోది మాత్రమే భాగాలుగా కూర్చే భాషలకు దారితీశాయి. కలిసి పాతబడిన ఇద్దరికి ఎంత అడ్డదిడ్డమైన జాబితా అయినా గుర్తుండిపోతుంది. కొత్తవారు వచ్చి నేర్చుకోవలసి వచ్చినప్పుడే దానికి ఒక క్రమం అవసరమవుతుంది.

నమూనా చెప్పింది మనుషుల్లో నిజమా అన్నది ప్రయోగశాలలో చూడవచ్చు, ఈ రంగానికున్న బలం అదే. కర్బీ, కార్నిష్, స్మిత్ 2008లో మూడు ఆకారాలు, మూడు రంగులు, మూడు కదలికలతో 27 అర్థాలకు అర్థరహితమైన పేర్లు పెట్టి, కొన్నింటిని మాత్రమే ఒక వ్యక్తికి నేర్పి, తరువాత అన్నింటి పేర్లూ అడిగారు. ఆ జవాబులే తరువాతి వ్యక్తికి పాఠం అయ్యాయి. ఒక్కో గొలుసులో పది తరాలు. ఏ అడ్డూ పెట్టనప్పుడు పేర్ల సంఖ్య బాగా తగ్గిపోయింది. రెండు అర్థాలకు ఒకే పేరు వచ్చినచోట వాటిని తరువాతి వ్యక్తికి చేరకుండా తొలగించినప్పుడు, పేర్లలోని ముక్కలు రంగునూ ఆకారాన్నీ కదలికనూ విడివిడిగా సూచించసాగాయి. పాల్గొన్నవారిలో ఎవరూ భాషను తీర్చిదిద్దాలనుకోలేదు. వారు తమకు నేర్పినదాన్ని గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేశారంతే.

వినని వాటిని కూడా పలకవలసి రావడాన్ని పరిశోధకులు బాటిల్‌నెక్ అంటారు. తరానికీ తరానికీ మధ్య ఉండే ఇరుకు దారి అన్నమాట. ఇది ఎంత ఇరుకుగా ఉండాలన్నది మీ నమూనాలో జాగ్రత్తగా మార్చి చూడవలసిన మొదటి పరామితి. అన్ని అర్థాలనూ పలుమార్లు వినే ఏజెంట్‌కు జాబితా సరిపోతుంది. మరీ కొద్దిగా వింటే ఏ భాషా నిలవదు. క్రమబద్ధత ఈ రెండింటి మధ్య పుడుతుంది. 2001లో కర్బీ కట్టిన నమూనాలో అర్థాలన్నీ సమానంగా వాడినప్పుడు భాష పూర్తిగా క్రమబద్ధమైంది. కొన్ని అర్థాలను తరచుగా, కొన్నింటిని అరుదుగా వాడినప్పుడు, తరచుగా వాడేవాటికి పొట్టివైన అపవాద రూపాలు నిలిచిపోయాయి. మన భాషలో దీనికి ఉదాహరణ కోసం వెతకనక్కరలేదు. పాడు, పాడాడు, పాడలేదు అనే వరుస నియమం ప్రకారం నడుస్తుంది. రోజుకు ఎన్నోసార్లు వాడే క్రియ మాత్రం రా, వచ్చాడు, రాలేదు అని వంకర దారిలో నడుస్తుంది. ప్రతి బిడ్డా దాన్ని కావలసినన్ని సార్లు వింటుంది కనుక ఆ వంకర ఇరుకు దారిలోనూ చెక్కుచెదరకుండా దాటిపోతుంది.

కొలవడం, జనాభాను పెంచడం

అర్థాల సంఖ్య పెరిగాక భాషలను చేత్తో వర్గీకరించడం కుదరదు, కొలత కావాలి. ప్రతి రెండు అర్థాల మధ్య ఎన్ని లక్షణాలు తేడాగా ఉన్నాయో లెక్కించండి. వాటి సంకేతాల మధ్య ఎన్ని అక్షరాల మార్పు ఉందో లెవెన్‌స్టీన్ దూరంతో, అంటే ఒకదాన్ని మరొకటిగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలను చేర్చాలో, తీసేయాలో, మార్చాలో చెప్పే కొలతతో, లెక్కించండి. ఈ రెండు దూరాల మధ్య సహసంబంధాన్ని చూడండి. దగ్గరి అర్థాలకు దగ్గరి సంకేతాలున్న భాషలో అది ఎక్కువగా ఉంటుంది. వచ్చిన అంకె పెద్దదో చిన్నదో చెప్పడానికి సంకేతాలను అర్థాల మధ్య వేలసార్లు కలగాపులగం చేసి, ప్రతిసారీ అదే లెక్క వేసి, అసలు అంకె ఆ గుంపులో ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఈ కొలత క్రమం ఉందని చెబుతుంది గానీ అది ఏ రకం క్రమమో చెప్పదు. అందుకే చివరి తరం భాషలను కొన్నింటినైనా కళ్లతో చదవండి.

గొలుసు నుంచి జనాభాకు వెళ్లదలచినవారికి స్టీల్స్ 1995లో ప్రారంభించిన నామకరణ క్రీడ మంచి మెట్టు. దాని సరళ రూపంలో, మాట్లాడే ఏజెంట్ ఒక వస్తువుకు తనకు తెలిసిన పేర్లలో ఒకటి చెబుతుంది. ఏదీ తెలియకపోతే కొత్తది సృష్టిస్తుంది. వినే ఏజెంట్‌కు ఆ పేరు తెలిసి ఉంటే ఇద్దరూ మిగతా పేర్లన్నింటినీ వదిలేస్తారు, తెలియకపోతే తన జాబితాలో చేర్చుకుంటుంది. ఎవరూ శాసించకుండానే అందరూ ఒక పేరుకు వస్తారు. ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడగలిగే జనాభాలో దానికి పట్టే సంభాషణల సంఖ్య, ఏజెంట్ల సంఖ్య ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుందని బరోంకెల్లి బృందం 2006లో చూపింది. అంటే జనాభా రెట్టింపైతే సంభాషణలు సుమారు 2.8 రెట్లు కావాలి. మీ కోడ్ ఆ నిష్పత్తికి దగ్గరగా రాకపోతే ఎక్కడో నియమం మారిపోయిందని అర్థం.

ఒక హెచ్చరిక అనుభవం మీద చెబుతున్నాను. పేర్లకు మార్కులు ఇచ్చి ఎక్కువ మార్కులున్న పేరునే పలికే రకం నమూనా ఒకటి రాసినప్పుడు, నా ఏజెంట్లు కొద్ది సంభాషణల్లోనే ఏకాభిప్రాయానికి వచ్చాయి. మార్కులు సమానమైనప్పుడు నంపై ఎప్పుడూ జాబితాలో మొదటిదాన్నే ఎంచుతుంది. ఏజెంట్లన్నీ ఒకే జాబితాతో సున్నా మార్కులతో మొదలయ్యాయి కనుక, ఒకరితో ఒకరు మాట్లాడకముందే అన్నీ ఒకే పేరు ఎంచుకున్నాయి. ఒప్పందం సంభాషణ నుంచి పుట్టలేదు, నేను తెలియకుండా నాటిన విత్తనం నుంచి మొలిచింది. అప్పటి నుంచి ఏ ఫలితం వచ్చినా, దానికి కారణమనుకున్న భాగాన్ని తీసేసి మళ్లీ నడుపుతున్నాను. కారణాన్ని తీసేసినా ఫలితం నిలిచి ఉంటే ఆ కారణం కారణం కాదు.

నాడీ జాలాలతో (న్యూరల్ నెట్‌వర్క్‌లతో) ఏజెంట్లను కట్టేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. మానవ భాషల్లో తరచుగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయి. 2019లో షాబూనీ బృందం పరిశీలించిన నాడీ ఏజెంట్లు అందుకు విరుద్ధంగా, తరచుగా వచ్చే వాటికే పొడవైన సందేశాలు వాడాయి. పొడవుకు ఖర్చు విధించినప్పుడే ఆ ధోరణి మారింది. మనకు మాట్లాడటం శ్రమ, యంత్రానికి శ్రమ లేదు. మనిషి శరీరం నుంచి వచ్చే ఒత్తిళ్లను మనమే గుర్తించి చేర్చకపోతే, నమూనాలోని భాష మానవ భాషను పోలి ఉండాలని ఆశించడానికి ఆధారం లేదు.

రాసి చూపడం

నమూనాను వర్ణించడానికి ఓడీడీ (ఓవర్‌వ్యూ, డిజైన్ కాన్సెప్ట్స్, డీటెయిల్స్) అనే పద్ధతి 2006 నుంచి ప్రచారంలో ఉంది. ఉద్దేశం, ఏజెంట్లు, కాలక్రమం, ఆరంభ స్థితి, పరామితులు అన్నీ ఒక స్థిరమైన క్రమంలో రాయమంటుంది. దానికి తోడు నేను రెండు పట్టికలు రాస్తాను. ఒకదానిలో నమూనాలోకి చేతులారా పెట్టినవన్నీ ఉంటాయి: అర్థాలు ముందే సిద్ధంగా ఉండటం, వినేవారికి ఏ అర్థం ఉద్దేశించారో తెలిసిపోవడం, సరళత వైపు మొగ్గు. రెండోదానిలో అవి పెట్టకుండానే వచ్చినవి ఉంటాయి. ఒక అంశం రెండు పట్టికల్లోనూ కనిపిస్తే దాన్ని ఫలితమని చెప్పకూడదు. ఏ పరామితుల దగ్గర ఫలితం రాలేదో కూడా చిత్రంగా గీసి చూపాలి. క్రమబద్ధత రాని మూల, వచ్చిన మూల ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

ప్రచురించే ముందు మీ కోడ్‌ను చూపకుండా, వర్ణనను మాత్రమే మరొకరికి ఇచ్చి వారితో అదే నమూనాను మొదటి నుంచి రాయించండి. వారి ఫలితం మీ ఫలితంతో కలవకపోతే ఇద్దరి కోడ్‌లనూ వరుస వరుసగా పోల్చండి. తేడా దొరికిన చోట సాధారణంగా మీరు తీసుకుని రాయడం మరచిన నిర్ణయం ఒకటి ఉంటుంది. దాన్ని మొదటి పట్టికలో చేర్చి, నమూనాను మళ్లీ నడపండి.